వేసవి సెలవు – అనధ్యయన ధర్మము

శ్రీ గురుభ్యో నమః.



చైత్రమాసము ముగియకమునుపే మా కొండాపురమందలి అపార్ట్‌మెంటుల లిఫ్టులలో రంగురంగుల ప్రకటనపత్రములు ప్రత్యక్షమగును. రోబోటిక్స్, కోడింగ్, అబాకస్, చదరంగము, ఈత, చిత్రలేఖనము, వేదగణితము, వ్యక్తిత్వ వికాసము – ఇట్లు ఒక్కొక్క పత్రమునందు ఏడెనిమిది విద్యలు కనబడును. వాని క్రింద సమయములు, రుసుములు, ఫోన్ నంబరులు. ఉదయము 7 గంటలకు ఈత, 9 గంటలకు కోడింగ్, మధ్యాహ్నము చదరంగము, సాయంకాలము సంగీతము. పాఠశాల ఉన్న దినములకంటె సెలవు దినములలోనే ఆ బాలునకు విశ్రాంతి తక్కువ.

ఈ సందర్భముననే పెక్కుమంది తల్లిదండ్రులు ఆలయమునకు వచ్చి నన్ను ప్రేమతో అడుగుచుందురు: "పంతులుగారూ, మన గుడిలో కూడా ఒక సమ్మర్ క్యాంప్ పెట్టండి. ఇరవై ఒక్క రోజులు, నూరు శ్లోకాలు, చివర్లో పిల్లలకు సర్టిఫికెట్. ఫీజు ఎంతైనా ఇస్తాం." వారి భక్తిని నేను శంకింపను. పిల్లలకు మన ధర్మము అందవలెనను ఆర్తియే వారిచేత ఆ మాట పలికించుచున్నది. అయినను నేను అంగీకరింపలేదు. ఏల అంగీకరింపలేదో, పిల్లల వేసవిని గూర్చి శాస్త్రదృష్టితో నాకు తోచినదేదో విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

సెలవు శాస్త్రవిహితము

సెలవు అనునది ఆంగ్ల పాఠశాలలతో వచ్చిన ఆచారమని చాలమంది భావింతురు. అది సరికాదు. వేదాధ్యయన సంప్రదాయమున అనధ్యయనము అను వ్యవస్థ అనాదిగా కలదు. ప్రతి పక్షమునందు పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వతిథి – అనగా పూర్ణిమ గాని అమావాస్య గాని – ఈ నాలుగు తిథులలో వేదపాఠము నిషిద్ధము. నెలకు ఎనిమిది దినములు. ఇవిగాక అకాలమున ఉఱుములు ఉఱిమినను, ధూళితో కూడిన పెనుగాలి వీచినను, పూజ్యుడగు అతిథి ఇంటికి వచ్చినను పాఠము ఆపవలెనని ధర్మశాస్త్రములు విధించినవి. ఆపస్తంబ ధర్మసూత్రమునందును, మనుస్మృతి నాల్గవ అధ్యాయమునందును ఈ అనధ్యయన కాలముల పట్టిక విస్తారముగా కలదు.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ దినములలో చదువకపోవుటకు అనుమతి ఇచ్చి శాస్త్రము ఊరకుండలేదు, చదువరాదని నిషేధించినది. చదివినచో హాని కలుగునని చెప్పినది. శ్రీమద్రామాయణ సుందరకాండమున హనుమంతుడు అశోకవనమందలి సీతామాతయొక్క కృశత్వమును తోటి వానరులకు వర్ణించి చెప్పునపుడు, పాడ్యమినాడు పఠించువాని విద్య ఎట్లు సన్నగిల్లునో అట్లు ఆమె సన్నగిల్లినదని ఉపమానము చెప్పెను. అనగా విరామమెఱుగని విద్య వృద్ధి చెందదు, క్షీణించునని ఆదికావ్యమే మనకు తెలుపుచున్నది. విద్యను నవవ్యాకరణ పండితుడైన హనుమంతునికంటె ఎఱిగినవాడెవడు?

నేను గోదావరీతీరమందలి వేదపాఠశాలలో బాల్యమున చదివితిని. పంచాంగమున పాడ్యమి ఎప్పుడు వచ్చునా అని మేము ఎదురుచూచెడివారము. ఆనాడు గురువుగారు పాఠము చెప్పరు. ఏమి చేయుచున్నారనియు అడుగరు. మేము కాలువగట్టున తిరిగెడివారము, చింతచెట్లెక్కెడివారము. విచిత్రమేమనగా, సప్తమినాడు ఎంత యత్నించినను నోటికి రాని పనస, నవమినాడు ఉదయము తనంతట తానుగా పలికెడిది. నడుమనున్న అష్టమి వట్టిగా పోలేదు. విత్తనము భూమిలో ఉన్నంతకాలము పైకి ఏమియు కనబడదు. కనబడలేదని మాటిమాటికి త్రవ్వి చూచువాని చేనిలో మొలక రాదు.

మన రాష్ట్రమందు గత కొన్ని సంవత్సరములుగా బడులకు ఏప్రిల్ 24వ తేదీ ప్రాంతమునుండి జూన్ 11 వరకు సెలవులు ఇచ్చుచున్నారు. ఇంచుమించు 49 దినములు, ఏడు వారములు. శిశువునకు సంవత్సరమంతటిలో లభించు దీర్ఘమైన అనధ్యయనము ఇదియే. దానిని కూడ పాఠముతో నింపివేయుట శాస్త్రసమ్మతము కాదు. ఆ పాఠము నూరు శ్లోకములైనను సరే, కోడింగ్ అయినను సరే, దోషమొక్కటియే.

బృందావనమందలి వేసవి

"అట్లయిన పిల్లలు వేసవిలో ఏమి చేయవలెను?" అను ప్రశ్నకు భాగవతము ప్రత్యక్షముగా సమాధానము చెప్పుచున్నది. దశమస్కంధమున 18వ అధ్యాయము గ్రీష్మఋతు వర్ణనముతోనే ఆరంభమగును. సెలయేళ్ళ తుంపరలచేత చెట్లు తడిసి, కొలనులమీదుగా వచ్చు చల్లగాలికి పచ్చిక వాడక, బృందావనమున గ్రీష్మము వసంతమువలె ఉండెనట. అట్టి వేసవిలో బలరామకృష్ణులు గోపబాలురతో కూడి ఏమి చేసిరి? ఆడిరి. గిఱ్ఱున తిరిగిరి, దుమికిరి, కుస్తీపట్టిరి, మారేడుకాయలు, ఉసిరికాయలు విసరుకొనిరి. కన్నులు మూసి ఆడిరి, కప్పలవలె గంతులు వేసిరి, మృగపక్షులను అనుకరించిరి, ఉయ్యాలలూగిరి, రాజు–భటుల ఆట ఆడిరి. ఒకరు నాట్యమాడగా మఱియొకరు పాడిరి. వ్యాసభగవానుడు ఈ ఆటల పట్టికను ఎంత శ్రద్ధతో ఇచ్చెనో చూడుడు! సకలవేదములను విభజించిన మహర్షికి పిల్లల ఆటలు అల్పవిషయములుగా తోచలేదు. బమ్మెర పోతనామాత్యుడు కూడ ఆ క్రీడలను తెనుగువారి ముంగిట ఆడించి చూపెను.

ఆ అధ్యాయమందే మఱియొక ముచ్చట కలదు. పిల్లలు రెండు జట్లుగా ఏర్పడిరి. ఓడినవారు గెలిచినవారిని వీపుపై మోయవలెనని పందెము. బలరాముని జట్టు గెలిచినది. అపుడు జగములన్నింటిని మోయు శ్రీకృష్ణపరమాత్మ శ్రీదాముడను తోటిబాలుని తన వీపుపై నెక్కించుకొని భాండీరక వటవృక్షమువరకు మోసెను. ఓటమిని ఇంత సంతోషముగా అంగీకరించుటను ఏ వ్యక్తిత్వ వికాస శిబిరము నేర్పగలదు? భగవంతుడు ఆటలో ఓడిపోయెను. అయినను ఆయన భగవత్త్వమునకు లోటు రాలేదు. మన పిల్లలు మాత్రము చదరంగపు పోటీలో రెండవ స్థానము వచ్చినచో ఆ రాత్రి అన్నము తినకున్నారు. ఎవరు నేర్పిరి వారికి ఈ దుఃఖమును?

ఆ ఆటలోనికే ప్రలంబుడను రాక్షసుడు గోపబాలుని వేషమున ప్రవేశించెను. ఓడినవాడై, పందెము ప్రకారము బలరాముని మోయవలసివచ్చెను. మోసి, దించవలసిన చోట దింపక, గుర్తు దాటించి దూరముగా కొనిపోయెను. చివరకు బలరాముడు తన బరువును పెంచి, పిడికిటితో వానిని కూల్చెను. ఈ కథ చదువునపుడెల్ల నేడు పిల్లల చేతులలోనున్న ఫోన్ నాకు స్ఫురించును. ఇది నా మనస్సునకు తోచిన సామ్యము మాత్రమే. దీనికి వ్యాఖ్యాతలను బాధ్యులను చేయను. అది కూడ స్నేహితుని వేషముననే వచ్చును. ఆటలో చేరును. "పది నిమిషములు" అని వీపుపై ఎక్కించుకొని, దించవలసిన చోట దింపదు. గుర్తు దాటించివేయును. దించవలసిన చోటును గట్టిగా నిర్ణయించి, అక్కడ దింపించు బలరాముడు ఇంట ఒకడుండవలెను. ఆ పాత్ర తల్లిదండ్రులది.

ఇంటిల్లిపాదికి కొన్ని వేసవి వినోదములు

విమర్శించి ఊరకుండుట ధర్మము కాదు గనుక, ఖర్చు లేనివి, మన ప్రాంతమున సాధ్యమగునవి కొన్ని చెప్పెదను. ఇవి పాఠ్యప్రణాళిక కాదు. ఇచ్చవచ్చిన దానిని ఇచ్చవచ్చిననాడు చేయవచ్చును, మానవచ్చును.

*శంకుచ్ఛాయ.* దేవాలయ నిర్మాణమున దిక్కులను నిర్ణయించుటకు మన పూర్వులు శంకువును స్థాపించెడివారు. సూర్యసిద్ధాంతమందలి త్రిప్రశ్నాధికారము ఈ విషయమును వివరించినది. మేడమీద సమతలమున జానెడు కఱ్ఱను నిలువుగా నాటి, దాని మొదలు కేంద్రముగా, కఱ్ఱ పొడవుకంటె కొంచెము పెద్దదగు వ్యాసార్ధముతో వలయము గీయవలెను. ఉదయము నీడకొన వలయము లోనికి వచ్చునపుడు ఒక గుర్తు, అపరాహ్ణము వెలుపలికి పోవునపుడు ఒక గుర్తు పెట్టి, రెండింటిని కలిపినచో తూర్పుపడమరల రేఖ ఏర్పడును. ఫోన్‌లోని దిక్సూచి అవసరము లేదు. మఱియొక వింత: ప్రతి సంవత్సరము మే 9వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నము సుమారు 12 గంటల 12 నిమిషములకు, హైదరాబాదు నగరమున సూర్యుడు సరిగా నడినెత్తిపైకి వచ్చును. అపుడు నిలువుగానున్న కఱ్ఱకు నీడయే ఉండదు. ఆ ఒక్క నిమిషము పిల్లవానితోపాటు మేడమీద నిలిచి చూడుడు. పుస్తకమందలి పదిపుటలు చెప్పలేని దానిని ఆ మాయమైన నీడ చెప్పును.

*నక్షత్రదర్శనము.* మన సంకల్పములో ప్రతిదినము మాసమును, నక్షత్రమును చెప్పుచున్నాము. ఆకాశమున వానిని చూచినవారు అరుదు. వేసవిరాత్రులలో 9 గంటల ప్రాంతమున ఉత్తరదిశను సప్తర్షిమండలము ఎత్తుగా కనబడును. తోకయందలి నడిమి నక్షత్రము వసిష్ఠుడు, వాని ప్రక్కన మినుకుమినుకుమను చిన్నచుక్క అరుంధతి. ఆ తోక వంపును అట్లే పొడిగించుకొని పోయినచో నారింజవన్నెతో ప్రకాశించు స్వాతి, ఇంకను పొడిగించినచో తెల్లని చిత్త. అరుంధతికి చీకటి కావలెను గాని, స్వాతీచిత్తలు మా కొండాపురపు విద్యుద్దీపముల నడుమ కూడ కనబడును. చిత్తతో పూర్ణచంద్రుడు కూడిన మాసము చైత్రమనియు, విశాఖతో కూడినది వైశాఖమనియు, జ్యేష్ఠతో కూడినది జ్యేష్ఠమాసమనియు పౌర్ణమిరాత్రులలో పిల్లవానికి చూపినచో పంచాంగము వానికి సజీవమగును. మఱింత తెలియగోరువారికి నౌబత్ పహాడ్ పైన 1985లో నెలకొల్పిన బిర్లా నక్షత్రశాల ఉండనే ఉన్నది. దాని ప్రక్కనే వేంకటేశ్వరస్వామి ఆలయము.

*జన్మనక్షత్ర వృక్షము.* ఇరువదియేడు నక్షత్రములకు ఇరువదియేడు వృక్షములను పూర్వులు నిర్దేశించిరి. భరణికి ఉసిరిక, కృత్తికకు మేడి, రోహిణికి నేరేడు, పుష్యమికి రావి, మఖకు మఱ్ఱి, చిత్తకు మారేడు, ఉత్తరాభాద్రకు వేప, రేవతికి ఇప్ప. మనకు ప్రక్కనే కొత్తగూడలో 270 ఎకరములకు పైబడిన కోట్ల విజయభాస్కరరెడ్డి ఉద్యానవనము కలదు. ఎండ ముదరకముందే ఉదయమున అచ్చటికి పోయి, ఇంటిలోని ఒక్కొక్కరి నక్షత్రవృక్షమును వెదకుడు. కనబడినచో దానిని తాకి, ఆకును పోల్చుకొని, దాని నీడలో కూర్చుండి తెచ్చుకొన్న దధ్యోదనమును ఆరగింపుడు. కనబడనిచో మఱియొక చోట వెదకుటకు మఱియొక దినమున్నది. ఆ మార్గముననే మిగిలియున్న కొండరాళ్ళను కూడ చూపుడు. ఈ ప్రాంతపు నల్లసేనపురాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. కొండాపురమను పేరులోని కొండ ఇంకను అక్కడక్కడ మిగిలియే ఉన్నది. అది కూడ అద్దాలమేడ కాకమునుపే పిల్లలు దానిపై చేయి వేయవలెను.

*పాకశాల.* శ్రీరామనవమినాటి పానకమును తల్లి కలిపి ఇచ్చుటకంటె, బెల్లము తఱుగుట, మిరియములు దంచుట, ఏలకులు ఒలుచుట పిల్లలచేత చేయించుట మేలు. పిదప ఆవకాయ కాలము వచ్చును. మామిడికాయ ముక్కలు తుడుచుట, టెంకజీడి తీయుట, ఆవపిండి, కారము, ఉప్పు కొలుచుట – ఇంటిలోని మూడు తరములవారును ఒకేచోట కూర్చుండి చేయు పని ఇంతకుమించినది నేడు మిగిలియున్నదా? వడియములు ఎండబెట్టినపుడు కాకులను తోలు ఉద్యోగము ఐదేండ్లవానికి ఇచ్చి చూడుడు. ఎంత బాధ్యతతో నిర్వహించునో!

*గవ్వలు, చింతగింజలు.* మధ్యాహ్నము 11 గంటలనుండి 4 గంటలవరకు పిల్లలను ఎండలోనికి పంపరాదు. ఆ సమయమునకే మన పెద్దలు అష్టాచెమ్మా, వామనగుంతలు, పులిజూదము, వైకుంఠపాళి ఏర్పరచిరి. వైకుంఠపాళిలో సద్గుణములు నిచ్చెనలు, దుర్గుణములు సర్పములు. పైవరుసలో పెద్దపాము నోటబడి క్రిందికి జారిన తాతగారు నవ్వుచు మరల మొదటి గడినుండి ఆరంభించుటను చూచిన మనుమడు, నిరాశపడకుండుటను ఉపన్యాసము లేకయే నేర్చుకొనును.

*నదీమూలదర్శనము.* ఒకనాడు ప్రయాణము చేయదలచినచో నాలుగు ఆలయములు, రెండు వినోదస్థలములు అని పరుగెత్తక, ఒక నదివెంట పొండు. మన మూసీనది వికారాబాదు సమీపమందలి అనంతగిరికొండలలో, అనంతపద్మనాభస్వామి సన్నిధిని పుట్టినది. అచ్చటినుండి దిగివచ్చు నీరే గండిపేట చెఱువగు ఉస్మాన్‌సాగరమున నిలుచుచున్నది. 1908వ సంవత్సరమందలి ఘోరమైన వరదల పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నిర్మింపబడి 1920లో అది పూర్తియైనది. దాని సమీపముననే చిలుకూరు బాలాజీ స్వామి. అచ్చట హుండీ లేదు. ఆ నదియే నగరమధ్యమున ఏ రూపమున పాఱుచున్నదో తిరుగుప్రయాణమున చూపుడు. పుట్టినచోట నిర్మలముగా ఉన్నది ఇక్కడ ఇట్లేల అయినదని పిల్లవాడు తప్పక అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట మనకు కష్టము. అయినను అడుగనిండు.

చలివేంద్రము – పిల్లలు చేయదగిన దానము

వైశాఖమాస మాహాత్మ్యమును స్కాందపురాణము విస్తరించి చెప్పినది. ఆ మాసమున జలదానము, ప్రపాస్థాపనము, ఛత్రము, పాదరక్షలు, విసనకఱ్ఱ ఇచ్చుట మహాపుణ్యప్రదములని అందు కలదు. ప్రప అనగా చలివేంద్రము. ఈ దానములన్నియు బంగారము కోరునవి కావు, పిల్లవాడు చేయదగినవి.

మా వీధిలో మధ్యాహ్నము 2 గంటలకు చూచినచో, కొత్తగూడ కూడలినుండి భోజనపు సంచులు మోసుకొని ద్విచక్రవాహనములపై వచ్చు యువకులు వరుసగా కనబడుదురు. మనము చల్లని గదిలో కూర్చుండి కోరిన ఆహారమును వారు నిప్పులవంటి ఎండలో తెచ్చుచున్నారు. "ఐదు నిమిషాలు ఆలస్యమైంది" అని మనము కోపగించుకొందుము. వాకిటిలో ఒక రంజను, గ్లాసు, కొంచెము మజ్జిగ పెట్టి, దాని బాధ్యతను ఇంటిలోని పిల్లలకు అప్పగింపుడు. ప్రొద్దుననే కడిగి నింపుట, మధ్యాహ్నము మరల నింపుట, వచ్చినవారిని "అన్నా, నీళ్ళు తాగి వెళ్ళండి" అని పిలుచుట – ఇదియే వైశాఖవ్రతము. కావలివాడు, ఇల్లు తుడుచు అమ్మ, కట్టడపు కూలీ, కుక్క, పిచ్చుక – అందఱికిని అందు భాగమున్నది. ముప్పది దినములు ఈ పని చేసిన పదేండ్ల బాలికకు నూరు శ్లోకములు రాకపోయినను నేను విచారింపను. శ్లోకములయొక్క తాత్పర్యము ఆమెకు వచ్చియున్నది.

ఇంకొక మాట కూడ దాచక చెప్పవలసియున్నది. కొన్ని భవనసముదాయములలో ఆటస్థలమునకు ఆ భవనమందే పనిచేయువారి పిల్లలను రానీయరు. కంచెకు లోపల ఊయల ఖాళీగా ఊగుచుండును. వెలుపల ఒక శిశువు దానిని చూచుచుండును. శ్రీదాముడు నందగోపుని కుమారుడు కాడు. అయినను ఆయనను వీపుపై మోసినవాడు సాక్షాత్ పరమాత్మ. ఆ కథను హారతి పళ్ళెము ముందర విని, ఇంటికి పోయి ఆటస్థలమునకు తాళము వేయువాడు భాగవతమును వినలేదు. ఈ వేసవిలో ఆ తాళమును తీయింపుడు. మీ పిల్లవానికి ఇంతకంటె గొప్ప శిబిరము లేదు.

మూడు ఆక్షేపములు

"మేమిద్దరమూ ఉద్యోగస్థులము, పిల్లవాణ్ణి ఎవరు చూస్తారు?" అని అడుగువారి బాధ సత్యమైనది. రాత్రి 9 గంటలవరకు విదేశములవారితో మాటలాడుచు జీవనము సాగించు దంపతులను నేను నిత్యము చూచుచున్నాను. పిల్లవానిని సురక్షితముగా ఉంచుటకు ఒక శిబిరము అవసరమైనచో పంపుడు. అందు దోషము లేదు. ఒకటి పంపుడు, ఐదు కాదు. పంపునపుడు కూడ దానిని సంరక్షణ అని మనస్సులో స్పష్టముగా ఎంచుకొనుడు, ఫలితములను లెక్కింపకుడు. అమ్మమ్మ, నాయనమ్మల ఊరికి పదిదినములు పంపగలిగినచో అది సర్వోత్తమము.

తైత్తిరీయోపనిషత్తున భృగువు తండ్రియగు వరుణుని చేరి బ్రహ్మమును ఉపదేశింపుమని అడిగెను. తండ్రి లక్షణము మాత్రము చెప్పి, తపస్సుచేత తెలిసికొనుమనెను. భృగువు పోయి అన్నమే బ్రహ్మమని తెలిసికొని మరల వచ్చెను. తండ్రి మరల పంపెను. ప్రాణము, మనస్సు, విజ్ఞానము – ఇట్లు ప్రతిమారును తానే కనుగొని, ప్రతిమారును తండ్రియొద్దకు వచ్చి, చివరకు ఆనందమును చేరెను. వరుణుడు కుమారుని వెంట రోజంతయు కూర్చుండలేదు. కాని కుమారుడు వచ్చిన ప్రతిసారి ఆయన ఉన్నాడు. "ఇపుడు మీటింగులో ఉన్నాను" అనలేదు. మీరు ఇంటనుండు రెండు గంటలైనను అట్లు ఉండుడు, చాలును.

"ఖాళీగా వదిలితే ఫోన్ పట్టుకుంటాడు" అనునది రెండవ ఆక్షేపము. నిజమే. ఖాళీ అనగా కాపలాలేని ఇల్లు కాదు. ఇంట గవ్వలుండవలెను, కథలు చెప్పు పెద్దలుండవలెను, మట్టి ఉండవలెను. ఫోన్‌కు చోటు, సమయము నిర్ణయమై ఉండవలెను. మొదటి రెండు దినములు "బోర్ కొడుతోంది" అని పిల్లవాడు ఏడ్చును. ఏడ్వనిండు. మూడవనాడు వాడే ఒక ఆటను కల్పించును. కల్పనాశక్తి ఆ విసుగునుండియే పుట్టును. సృష్టి సమస్తము పరమేశ్వరుని లీల అని బ్రహ్మసూత్రములు చెప్పినవి. ఏ ప్రయోజనము ఆశింపక ఆడు శిశువు ఆ లీలకు అతిసమీపమున ఉన్నాడు. వానిని ఆ స్థితినుండి పిలిచి, ప్రయోజనములు బోధించుటకు మనకు ఇంత తొందర ఏల?

"ప్రక్కింటి పిల్లలు ముందుకు వెళ్ళిపోరా?" అనునది మూడవది. దీనిని ఎవ్వరును పైకి అనరు. కాని మొదటి రెండింటికి మూలమిదియే. ఎచ్చటికి ముందు? ఎనిమిదేండ్ల వయస్సున ఆరువారములు ముందున్నవాడు ముప్పది యేండ్ల వయస్సున ఎచ్చటనుండునో ఎవరు చెప్పగలరు? ఆలయమునకు వచ్చి, మంచి ఉద్యోగము, ఇల్లు, వాహనము అన్నియు ఉండియు "మనసుకు శాంతి లేదు పంతులుగారూ" అని కన్నీరు పెట్టు యువకులు నాకు తెలియును. వారిలో ఒక్కడును చిన్ననాడు ఎక్కువ ఆడితినని విచారింపలేదు.

ఆలయము ఏమి చేయగలదు?

ఆలయశిబిరమునకు నేను ఏల అంగీకరింపలేదో ఇపుడు స్పష్టమై యుండును. శ్లోకములు నేర్పుట నాకు అయిష్టము కాదు. అది నా జీవనము. కాని హాజరుపట్టిక, పోటీ, బహుమతి, సర్టిఫికెట్ వచ్చిన క్షణమున గుడి కూడ మఱియొక తరగతి గది యగును. స్వామి కూడ మఱియొక సబ్జెక్టు అగును. పరీక్ష ముగిసిన పిమ్మట పిల్లలు సబ్జెక్టును మఱచిపోవుట లోకసహజము. భగవంతుని అట్లు మఱచిపోవలసిన పట్టికలో చేర్చుటకు నా చేయి ఆడలేదు.

దానికి బదులుగా ఈ సెలవులలో ప్రతిదినము సాయంకాలము 5 గంటలనుండి దీపారాధన వఱకు మా మండపము పిల్లలకు తెరచియుండును. రుసుము లేదు, పేరు నమోదు లేదు. వచ్చినవాడు తులసిమాల కట్టవచ్చును, వత్తులు చేయవచ్చును, ఇత్తడిపాత్రలను చింతపండుతో తోమవచ్చును, గంధము తీయవచ్చును, ప్రసాదము పంచవచ్చును. ఏమియు చేయక స్తంభమునకు ఆనుకొని కూర్చుండవచ్చును. శ్లోకము నేర్పుమని అడిగినవానికి నేర్పెదను. అడుగనివానిని నేను అడుగను. ఇతర ఆలయముల అర్చక మహాశయులకు కూడ ఇదియే నా విన్నపము.

తల్లిదండ్రులకు చివరగా ఒక్క చిన్న నియమము చెప్పి విరమించెదను. ఇంటనున్న పంచాంగమును తెరచి, ఈ ఏడువారములలో వచ్చు పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వదినములను గుర్తింపుడు. సుమారు పదమూడు దినములు వచ్చును. మిగిలిన దినములలో మీరేమి చేసినను నేను కాదనను. ఆ పదమూడు దినములు మాత్రము వేదపాఠశాలలోవలె సంపూర్ణ అనధ్యయనముగా పాటింపుడు. తరగతి లేదు, శిబిరము లేదు, ఆన్‌లైన్ పాఠము లేదు, "ఈరోజు ఏమి నేర్చుకున్నావు?" అను ప్రశ్న లేదు. వీలైనచో వానిలో ఒకటి రెండు దినములు మీరును సెలవు పెట్టుడు. వేలసంవత్సరములుగా శ్రుతిని ఒక్క స్వరము తప్పకుండ కాపాడిన విద్యావిధానము ఆ ఖాళీ దినములతో కూడినదే. మన పిల్లల చదువులు అంతకంటె బరువైనవి కావు.

శుభం భూయాత్.